పదుమూడు ముక్కలాట: నేర్చుట, నేర్పు

పేకాటను గూర్చి ఇట్టి పత్రికలో వ్యాసము కనబడుట కొందఱు పాఠకులకు వింతగా తోచవచ్చును. పేకాట యనగానే పొలము తాకట్టు పెట్టినవాడు, నెలజీతము ఇల్లు చేరకముందే పోగొట్టుకొన్నవాడు మనకు స్ఫురింతురు. ఆ స్ఫురణ అకారణము కాదు. ఆ సంగతి ఈ వ్యాసముననే ముందు రాగలదు. కాని పెండ్లివారి విడిదిలోను, రైలు ప్రయాణములలోను, సంక్రాంతి సెలవులలో ఇంటి వసారాలలోను పైసా పందెము లేకుండ ఈ యాట నాడు కుటుంబములు తెలుగునాట పెక్కులు. ఆ యిండ్లలో పిల్లలు దీనిని నేర్చుకొనుచునే యున్నారు. వారు పుస్తకము చూచి నేర్చుట లేదు. పెద్దల వెనుక కూర్చుండి, వారి మాట విని, వారి చేతులు చూచి నేర్చుకొనుచున్నారు. మాటతో నేర్పబడు విద్య యేదైనను తెలుగు శాఖవారు పట్టించుకొనదగినదే యని మా యభిప్రాయము.

మేమిచట చెప్పదలచినది ఒక్కటి. ఈ యాటలో వస్తువుల పేళ్లు పెక్కు పరభాషలనుండి వచ్చినవి. పనుల పేళ్లు చాలవఱకు తెలుగువి. ఆటలోని కౌశలము వస్తువులలో లేదు, పనులలో నున్నది. తెలుగున ‘నేర్పు’ అను మాట నామమైనపుడు కౌశలమును, క్రియయైనపుడు బోధించుటను తెలుపును. ఈ యాటను నేర్చుటలో ఆ రెండర్థములు ఎట్లు కలిసియుండునో చూపుటయే మా ప్రయత్నము.

మొదట పేళ్లు. పేకలో 52 ముక్కలు. ‘ముక్క’ అచ్చ తెలుగు. గుర్తులు నాలుగు: ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను. ప్రతి గుర్తునకు ఆసు, రెండు మొదలు పది వఱకు అంకెలు, జాకి, రాణి, రాజు. వీనిలో రాజును రాణిని మనము తెలిగించుకొంటిమి. జాకి ఆంగ్లము, డైమను ఆంగ్లమే. ఇస్పేటును ఆంగ్లమునకును చేర్పవచ్చును, పోర్చుగీసు ‘ఎస్పాద’కును చేర్పవచ్చును, స్కూలును ఇస్కూలనెడి జిహ్వకు స్పేడును ఇస్పేటు చేయుట కష్టము కాదు. ఆసు, కళావరు, ఆఠీను, తురుపు అను నాలుగు మాటల విషయము వేఱు. ఆంగ్లమున ‘ఏస్’ అనియే యందురు. అందుండి ‘ఏసు’ రావలెను గాని ఆసు రాదు. డచ్చి భాషలో ఈ ముక్క పేరు ‘ఆస్’, పోర్చుగీసునను ‘ఆస్’ అనియే. ఆంగ్లేయులు ‘క్లబ్బు’ అను గుర్తును డచ్చివారు ‘క్లావెరెన్’ అందురు. కళావరు దానికి మిక్కిలి చేరువ. హృదయపు గుర్తును వారు ‘హార్టెన్’ అందురు. తొలి హకారము జాఱి, రేఫము లోపించినచో ఆఠీను రూపము దూరము కాదు. తురుపు ఆంగ్లపు ‘ట్రంప్’ నుండి వచ్చియుండినచో నడుమ అనునాసికము నిలిచియుండవలెను. డచ్చి ‘త్రూఫ్’లో అనునాసికము లేదు. తమిళమునను కళావరు, ఆఠీనులను పోలిన రూపములు వినబడును. 17వ శతాబ్ది యారంభముననే మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పుకొని, కోరమాండలు తీరమున 19వ శతాబ్ది తొలిపాదము వఱకు నిలిచిన డచ్చివారు వస్త్రములు కొనిపోయిరి. పేకముక్కల పేళ్లను కొన్నింటిని ఇచట విడిచి పోయిరని యూహించుటకు ఈ రూపములు చాలిన యాధారముగా మాకు దోచుచున్నవి.

ఆ పేళ్లు వచ్చిన కాలమునాటి యాటలు మన పదుమూడు ముక్కలాట వంటివి కావు. అవి ఒకరు వేసిన ముక్కను మించిన ముక్కతో కొట్టి గెలుచుకొను ఆటలు. తురుపు ఆ యాటలదే. బేస్తు అను పేకాట ఉండెడిది. నిశ్చేష్టుడగుటను మనము ‘బేస్తుపడుట’ యనుచున్నాము. కన్యాశుల్కము 1909 నాటి కూర్పున మధురవాణి యింట జరుగు పేకాట రంగము తెలుగు విద్యార్థు లందఱు ఎఱిగినదే. అంతకు పూర్వమున్న గంజీఫా గుండ్రని ముక్కలతో నాడునది. ఎనిమిది గుర్తులకు 96 ముక్కలును, దశావతారముల గంజీఫాలో పది గుర్తులకు 120 ముక్కలును ఉండును. నిర్మల చిత్రకారులు వానిని వ్రాసెడివారు. అదియు కొట్టి గెలుచు ఆటయే.

ముక్కలను గెలుచుకొనుట కాక, కూర్చుకొనుట ప్రధానముగా గల యాట వేఱొక కుటుంబమునకు చెందినది. 19వ శతాబ్దిలో మెక్సికోలో 40 ముక్కల స్పానిషు పేకతో కాంకియన్ అను ఆట నాడెడివారు. ఒక ముక్క తీయుట, ఒక ముక్క పాఱవేయుట, వరుసలును సెట్లును కూర్చుట దాని పద్ధతి. 20వ శతాబ్ది యారంభమున అమెరికాలో రమ్మీ యను పేరు ప్రచారమునకు వచ్చెను. మన దేశమున అది రెండు పేకలతో, చేతికి పదుమూడు ముక్కలతో స్థిరపడినది. కావుననే ఈ యాట మాటలలో రెండు పొరలు కనబడును. ముక్కల పేళ్లలో కొన్ని పాత పొర. సీక్వెన్సు, సెట్టు, ట్రిప్లెటు, జోకరు, షో, కౌంటు మున్నగునవి ఆంగ్లపు కొత్త పొర. ఈ రెండింటి నడుమ తెలుగు క్రియలు నిలిచియున్నవి: కలుపు, కోయు, పంచు, తీయు, పట్టు, పాఱవేయు, కూర్చు, విప్పు.

ఇక ఆట. ఇద్దఱు మొదలు ఆర్గురు వఱకు ఆడవచ్చును. రెండు పేకలు, పేకకొక జోకరు చొప్పున, మొత్తము 106 ముక్కలు కలిపి, కోసి, ఒక్కొక్కరికి పదుమూడు పంతురు. ఒక ముక్కను విప్పి నడుమ నుంతురు. మిగిలిన కట్టను బోర్లించి, అందుండి ఒక ముక్కను కోసి కట్ట క్రింద కనబడునట్లు అడ్డముగా పెట్టుదురు. అది యే అంకెదైన ఆ అంకె ముక్కలన్నియు, ఏ గుర్తువైనను, ఆ యాటకు జోకర్లు. బొమ్మతో నచ్చైన జోకరును ‘పేపరు జోకరు’ అందురు. వంతు వచ్చినవాడు కట్టనుండి గాని, తన ముందువాడు పాఱవేసిన ముక్కను గాని తీయవలెను. తీసి, చేతినుండి ఒకటి పాఱవేయవలెను. పదుమూడు ముక్కలను వరుసలుగాను సెట్లుగాను కూర్చుకొన్నవాడు, తీసిన పదునాలుగవ ముక్కను బోర్లించి, చేయి విప్పి చూపును. నియమములు ఇంతే. ఒక సాయంకాలమున చెప్పి ముగింపవచ్చును.

ఒకే గుర్తున వెంట వెంట వచ్చు మూడు గాని అంతకెక్కువ గాని ముక్కలు వరుస. ఆఠీను ఐదు, ఆఱు, ఏడు అనునట్లు. ఆసు రెంటికి ముందైనను రాజు తరువాతనైనను ఉండవచ్చును. కాని రాజు, ఆసు, రెండు అని చుట్టి రారాదు. వేఱు వేఱు గుర్తులలో ఒకే అంకె ముక్కలు మూడు గాని నాలుగు గాని సెట్టు. నేర్చుకొనువాడు మొదట పొరపడునది యిచటనే. రెండు పేకలు కలిసియున్నవి గనుక కళావరు ఏడు రెండు పర్యాయములు చేతికి రావచ్చును. కవలలు దొరకెనని పిల్లవాడు సంతసించును. సెట్టునకు గుర్తులు వేఱుగా నుండవలెను గావున ఆ రెండవ ఏడు అందు పనికిరాదు.

ఈ రెండు రూపములకు గల తారతమ్యమును లెక్కతో చూచినగాని నేర్చుకొనువానికి నమ్మకము కలుగదు. ఆఠీను ఆఱు, ఏడు చేతనున్నచో ఐదైనను ఎనిమిదైనను వచ్చిన వరుస పూర్తియగును. పేకలు రెండు గావున అట్టి ముక్కలు 4. ఆఱు, ఎనిమిది యుండి నడుమ ఖాళీ యున్నచో ఆఠీను ఏడు ఒక్కటే కావలెను, అవి 2. రెండు గుర్తుల ఏడులున్నచో మిగిలిన రెండు గుర్తుల ఏడులు కావలెను, అవియు 4. అనగా ప్రక్కప్రక్క ముక్కలకును సమాన ముక్కలకును మొదట బలము సమానమే. కాని పూర్తియైన సెట్టు నాల్గవ ముక్కతో ఆగిపోవును. వరుస అటునిటు పెరుగును. ఆఠీను ఆఱు, ఏడు, వానికి తోడు కళావరు ఏడు ఉన్నచో ఆఠీను ఐదు, ఎనిమిది, ఇస్పేటు ఏడు, డైమను ఏడు నాలుగును పనికివచ్చును, అట్టివి 8. ఒక ముక్క రెండు కూర్పుల నడుమ కీలువలె నిలిచిన ఈ మూడింటి పొత్తును గుర్తించిననాడు పిల్లవాడు ఆటలోనికి వచ్చినట్లు.

జోకరు ఏ ముక్క స్థానమునైనను నిలువగలదు. కాని పదుమూడు ముక్కలలో జోకరు సాయము లేని వరుస ఒకటి యుండి తీరవలెను. రెండవ వరుస కూడ, జోకరుతోనైనను, ఉండవలెనని పెక్కుచోట్ల నియమము. కొన్ని యిండ్లలో తొలి వరుస యొక్కటి చాలును. ఆ తొలి వరుసను ఒరిజినలనియు, ప్యూరనియు, ‘లైఫు’ అనియు పిలుతురు. లైఫను మాట మాకు మిక్కిలి యర్థవంతముగా తోచుచున్నది. ఎదుటివాడు ఆట చూపునప్పటికి ఆ వరుస లేనివాని చేతిలో ఎన్ని సెట్లున్నను అవి లెక్కకు రావు. ముక్కలన్నియు అతని మీద పడును. ఆసు, రాజు, రాణి, జాకి ఒక్కొక్కటి పది, తక్కినవి తమ అంకె విలువ, జోకరు సున్న. మొత్తము ఎంతయైనను 80కి మించి వ్రాయరు. ఆట తప్పుగా చూపినవానికిని 80 వ్రాయుదురు. చేయి బాగులేదని మొదటనే తప్పుకొన్నచో 20, నడుమ తప్పుకొన్నచో 40 వ్రాయుట సామాన్యమైన పద్ధతి. ఈ తప్పుకొనుటకు డ్రాపనియు స్కూటనియు పేళ్లు.

ఒక చేతిని ఉదాహరింతుము. కోసిన ముక్క కళావరు తొమ్మిది. కావున తొమ్మిదులన్నియు జోకర్లు. నడుమ విప్పిన ముక్క కళావరు రాజు. చేతిలోనివి: ఆఠీను ఐదు, ఆఱు, ఇస్పేటు పది, జాకి, రాజు, కళావరు ఏడు, డైమను ఏడు, ఆఠీను రాణి, డైమను రాణి, కళావరు ఆసు, మూడు, ఇస్పేటు రెండు, డైమను తొమ్మిది. విలువ కూడిన 90. అనగా ఇప్పుడే ఎవరైన చూపినచో 80 పడును.

కొత్తవాని చేయి మొట్టమొదట చేయు పని మాకు తెలియును. డైమను తొమ్మిదిని ఇస్పేటు జాకికిని రాజునకును నడుమ రాణి స్థానమున దోపి, నాలుగు ముక్కల వరుస దొరకెనని యూరట చెందును. అది వరుసయే, కాని లైఫు కాదు. ఆ యూరటతో అతడు ఇస్పేటులను మఱచును. అనుభవశాలి ఆ జోకరును ఒక మూల విడిగా పెట్టును. అతని చూపు నాలుగు ముక్కలపై నుండును: ఆఠీను నాలుగు, ఆఠీను ఏడు, ఇస్పేటు రాణి, ఇస్పేటు తొమ్మిది. ఇస్పేటు తొమ్మిది జోకరే యైనను, తన స్వస్థానమున, పదికి ముందు, నిలిచినచో అది జోకరుగా లెక్కింపబడదు. ఆ వరుస లైఫే యగును. ఇవి రెండు పేకలలో 8. కనబడని ముక్కలు 91. అనగా కట్టనుండి తీయు ప్రతి తీతకు రమారమి పదునొకండింట ఒక యవకాశము. మఱియు ఆఠీను ఏడు వచ్చిన అది ఏడుల సెట్టుకును, ఇస్పేటు రాణి వచ్చిన అది రాణుల సెట్టుకును ప్రత్యామ్నాయముగా పనికివచ్చును. ఈ చేతితో తప్పుకొనుట పిఱికితనమని మేము భావింతుము, ఆడదగిన చేయి.

ఏమి పాఱవేయవలెను? కళావరు ఆసు. దానికి మూడుతో సంబంధమున్నది గాని నడుమ రెండు కావలెను. అవి 2 మాత్రమే. విలువ పది. తరువాత కళావరు మూడు, ఆ పిదప ఇస్పేటు రెండు, లేక ఇస్పేటు రెండే ముందు. ఇచట పెద్దలలో రెండు మతములు కలవు. చిన్న ముక్క భారము తక్కువ గనుక ఉంచుకొని పెద్దవాటిని దించుకొనవలెనని ఒక మతము. అందఱును పెద్దవాటినే దించుదురు గనుక ఆ సమయమున పెద్ద ముక్కల కొఱకు వేచియున్నవానికి మనమే వడ్డించుచున్నామని రెండవ మతము. మేము రెండవదానివైపు మొగ్గుదుము, కాని ఎదుటివా రెవరో తెలిసినగాని దీనికి తీర్పు లేదు.

ఆటయందలి నేర్పు వాస్తవముగా ఈ పాఱవేయుటలో నున్నది. ఏది తీయవలెనో చేతిలోని ముక్కలే చెప్పును. ఏది పాఱవేయవలెనో ఎదుటివారి చేతులు చెప్పవలెను, అవి కనబడవు. కనబడునవి వారు విడిచినవియు, నడుమనుండి పట్టినవియు మాత్రమే. మన తరువాత నాడువాడు డైమను ఎనిమిదిని పట్టెననుకొందము. అతని చేతిలో డైమను ఆఱు, ఏడో, ఏడు, తొమ్మిదో, తొమ్మిది, పదియో, రెండు ఎనిమిదులో ఉన్నవి. ఇక వానికి డైమను ఏడు గాని తొమ్మిది గాని మఱి యెనిమిది గాని మన చేతినుండి పోరాదు. మనకు పనికిరాకున్నను ఆ ముక్కను పట్టియుంచవలెను. దీనినే ‘ముక్క బిగబట్టుట’ యందురు. పరుని అవసరము కొఱకు మన చేతిలో ఒక స్థానము వ్యర్థమగును. కొత్తవాడు సహింపలేని సంగతి యిదియే.

ఎర వేయుట మఱియొకటి. మనకు కళావరు ఏడు, తొమ్మిది యుండి ఎనిమిది కావలెను. చేతిలో ఆఠీను ఎనిమిది విడిగా నున్నది. దానిని పాఱవేసినచో, కళావరు ఎనిమిదిని మోయుచున్నవాడు ఎనిమిదులతో మనకు పని లేదని తలచి తన దానిని విడుచును. ఇది పాతబడిన యుపాయమే. అందువలన అనుభవజ్ఞుడు మన యెనిమిదిని చూచి తన యెనిమిదిని మఱింత బిగబట్టును. అప్పుడు నిజముగనే పనికిరాని ఎనిమిదిని పాఱవేసి అతనిని బిగబట్టించుట మన వంతు. మనస్సులను చదువు నీ క్రీడ ఎంత లోతునకు పోవునో కూర్చున్నవారిని బట్టి యుండును.

జ్ఞాపకశక్తి మూడవది. ప్రతి ముక్కకును జంట యొకటి యున్నది గావున ఇస్పేటు రాణి యొకటి పడినంత మాత్రమున ఆశ పోదు. రెండును పడినచో పోవును. పోయిన ముక్క కొఱకు కాచుకొని కూర్చుండుట కొత్తవారికి తఱచు జరుగు నష్టము.

ఇవి యన్నియు పిల్లవానికి ఎట్లు తెలియును? తెలుగిండ్లలో పద్ధతి యొక్కటే: పెద్దవాని భుజము వెనుక కూర్చుండబెట్టుట. మేనమామ ఆడుచుండును, మేనల్లుడు వెనుక మోకాళ్లపై కూర్చుండి చూచును. తొలి నియమము నోరు విప్పరాదు. మంచి ముక్క వచ్చినపుడు వాని మొగము విప్పారినను ఎదుటివారు చదువుకొందురు గావున మొగము సైతము విప్పరాదు. ఆట ముగిసి ముక్కలు కలుపుచున్నపుడు మాత్రమే ప్రశ్నలు. “ఏడు ఎందుకు పడేశావు మావయ్యా, మూడేడులూ అయ్యేవి కదా?” అని అల్లుడడుగును. “ఒరే, మీ పెదనాన్న ఇందాక ఏం పడేశాడో చూశావా? ఆయన చేతిలో రెండేడులు చిక్కుకున్నాయిరా. నాకింకెక్కడివి?” అని మామ చెప్పును. ఆ పెదనాన్న అంతయు విని నవ్వి, “నా చేతిలో ఒక్కటే ఉంది, రెండోది నీ మేనత్త దగ్గర” అని సరిదిద్దును. ఒక్క నిమిషమున ముగ్గురి చేతులు విప్పబడి, పిల్లవానికి కనబడనివి కనబడినవి. నియమముల పుస్తకము ఈ నిమిషమును ఇయ్యజాలదు.

ఆ సంభాషణలోని మాటలను చూడుడు: పడవేయుట, చిక్కుకొనుట, అగుట. ‘మూడేడులూ అయ్యేవి’ అనుటలోని అగుట కూర్పు పూర్తియగుటను తెలుపుచున్నది. ‘ముక్క నడుచుట’, ‘ముక్క పడుట’, ‘చేయి కలియుట’, ‘చేయి కదలకపోవుట’ యనునవియు వినబడును. ఇవన్నియు నిత్యవ్యవహారమునందలి క్రియలే. ఆటలోనికి వచ్చి కొత్త యర్థమును పొందినవి. నిఘంటువులు ఇస్పేటును కళావరును ఆదరించునంతగా ఈ క్రియల యర్థభేదములను ఆదరింపవు. నామము పరాయిదైనచో వింతగా కనబడును గావున సంగ్రాహకుని కంట పడును. తెలిసిన క్రియ కొత్త యర్థముతో వచ్చినపుడు చెవిని తప్పించుకొనును. నిఘంటుకారులయెడ ఇది నింద కాదు, సేకరణ స్వభావమే యట్టిది.

న్యాయస్థానమునకును ఈ క్రియలే ఆధారమైనవి. సికిందరాబాదులోని ఒక క్లబ్బుపై జూద చట్టము క్రింద వచ్చిన యభియోగము సుప్రీంకోర్టు వఱకు పోయెను. 1967 నవంబరులో ఆ న్యాయస్థానము, రమ్మీ మూడు ముక్కలాటవలె కేవలము అదృష్టముపై నాధారపడినది కాదనియు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుటకును, ఏది యుంచి యేది విడువవలెనో నిర్ణయించుటకును నేర్పు కావలెననియు, కావున అది ప్రధానముగా నేర్పుగల యాటయనియు నిర్ణయించెను. ముక్కలు పంచుటలో అదృష్టమున్నదని అంగీకరించియే ఇట్లు చెప్పినది. ఆట నడుపు స్థలపు యజమాని దానివలన లాభము గడించుచున్నట్లు తేలినచో అపరాధము కాగలదని కూడ ఆ తీర్పు హెచ్చరించినది. మేనమామ అల్లునికి నేర్పు మూడు సంగతులే — జ్ఞాపకము, పట్టుట, విడుచుట — తీర్పునకు మూలమగుట గమనింపదగినది.

కాని నేర్పుగల యాట యైనంతమాత్రమున చేటు లేదనరాదు. నేర్పు గలదను నమ్మకమే మనుష్యుని పందెమునకు కట్టివేయును. మూడు ముక్కలాటలో ఓడినవాడు అదృష్టమును తిట్టి లేచిపోవచ్చును. పదుమూడు ముక్కలాటలో ఓడినవాడు తన తప్పు తెలిసికొన్నానని, ఈసారి దిద్దుకొందునని మరల కూర్చుండును. ఈ యాట చరవాణిలోనికి ప్రవేశించి, ఎదుటివాడెవడో తెలియకుండ ఏ వేళనైనను ధనముతో ఆడుటకు వీలు కలిగినపుడు ఆ కూర్చుండుట మితి తప్పెను. 2017లో తెలంగాణమును, 2020లో ఆంధ్రప్రదేశమును తమ జూద చట్టములను సవరించి ధనముతో కూడిన అంతర్జాల క్రీడలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించునట్లు అట్టి క్రీడలను నిషేధించు చట్టము చేసినది. కుటుంబములు అప్పులపాలగుట చూచినవారెవరును ఈ నిషేధములను తేలికగా మాటలాడజాలరు.

మా విషయమునకు సంబంధించినంత వఱకు యంత్రపు టాట మఱియొక మార్పును తెచ్చినది. అందు ముక్కలను యంత్రమే కలిపి, కోసి, పంచును. గుర్తుల వారీగా అదియే సర్దిపెట్టును. ఏది వరుసయో యేది లైఫో అదియే పేరు వ్రాసి చూపును. కొత్తవానికి శ్రమ తగ్గినది. కాని పదుమూడు ముక్కలను చేతితో విసనకఱ్ఱవలె పట్టలేక జాఱవిడుచు పిల్లవాడు, వానిని సర్దుకొనుచునే గుర్తులను నేర్చెడివాడు. తప్పు చూపి 80 వ్రాయించుకొని లైఫు సంగతి మఱువకుండెడివాడు. అన్నిటికంటె ముఖ్యము, వెనుక కూర్చుండువాడు లేడు. ఆట ముగియగానే తెర మాఱును. ‘ఏడెందుకు పడేశావు’ అని యడుగుటకు ఎవరును ఉండరు. తీయుము, విడువుము అను పనులు వ్రేలికొనతో జరుగును. వానికి మాట యక్కఱలేదు. ధనముతో ఆడు ఆటలు నిషిద్ధమైన తరువాతను, యంత్రముపై ఊరక నేర్చినవారికి ముక్కల ఆంగ్ల నామములు తెలియును గాని ఆఠీను, కళావరు అనినచో ఏవో తెలియకపోవుట మేము చూచితిమి. డచ్చివారి కాలమునుండి నిలిచినవని మేము తలచు మాటలు ఒక తరమున జాఱిపోవుటకు ఇంతకంటె కారణమక్కఱలేదు.

పరిశోధక విద్యార్థులలో ఎవరైన మాండలిక సేకరణకు పల్లెలకు పోవునపుడు ఈ పదములను కూడ సంగ్రహించినచో మేలు. ఆటగాండ్రను పిలిచి పదములు చెప్పుమనిన వారు సీక్వెన్సు, సెట్టు, జోకరు అని నామములనే చెప్పుదురు. వారి దృష్టిలో అవియే ఆట మాటలు. జోరుగా ఆట సాగుచున్నపుడు కూర్చుండి వినినను ఫలితము స్వల్పము, ఆడువారు మాటలాడరు. పిల్లవానికి నేర్పుచున్న యిల్లు చూచికొని, ఆట ముగిసి ముక్కలు కలుపు ఆ రెండు మూడు నిమిషములు ధ్వనిముద్రణ యంత్రమును నడుపవలెను. కోస్తాలో ‘పడేయుట’ యను చోట తెలంగాణమున ఏ క్రియ వచ్చునో, రాయలసీమలో ‘బిగబట్టుట’కు మాఱుగా ఏమందురో, చేయి విప్పుటను ఎవరెవరు ఏమని పిలుతురో అప్పుడు తెలియును.